ఏ ఏడు ఏ వయసులో వచ్చింది?

అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లలు ముందు వరసల్లో, వాళ్ళ తాతగార్లు, నాయనమ్మలు వెనక కుర్చీల్లో కూర్చున్న సభ ఇది. నా సబ్జెక్టుకి ఇంతకన్నా తగిన సభ దొరకదు. పుట్టిన దగ్గర్నుంచి చివరిదాకా మనిషి ఎలా మారుతూ వస్తాడో చూసే చదువు అది. జీవితకాల వికాసం అంటారు. బడిలో పాఠాలు చెప్పుకుంటూనే దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే కట్టాను. అప్పటికి మా పెద్దవాడు ఇంటర్‌లో ఉన్నాడు, మా అత్తగారు మంచాన ఉన్నారు. పుస్తకంలో ముందు అధ్యాయమూ చివరి అధ్యాయమూ రెండూ మా ఇంట్లోనే ఉన్నాయన్నమాట. చదవడానికి టైమే లేదు!

మొదటి అధ్యాయాలు నాకు తేలిగ్గానే ఎక్కాయి. బిడ్డ ఏ నెలలో బోర్లా పడుతుంది, ఎప్పుడు నిలబడుతుంది, ఎప్పుడు మాటలొస్తాయి అని పట్టికలు ఉంటాయి. మనకి పట్టికల బదులు పిండివంటలున్నాయి. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. ఆ వంటలు పిల్లలకి రెండేళ్ళు నిండేసరికి ఆగిపోతాయి. ఆ తర్వాత పెళ్ళిభోజనం, ఆపైన ఏకంగా షష్టిపూర్తి. మధ్య వయసులో మనిషి ఎదుగుతాడని మన వంటింటికి తట్టలేదు. శాస్త్రానికీ చాలాకాలం తట్టలేదు లెండి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన పియాజే చెప్పిన దశలు కౌమారం దగ్గరే ముగుస్తాయి. 1950లో ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త ఎనిమిది దశలు చెప్పి, ముసలితనం దాకా తీసుకెళ్ళాడు. ఆ ఎనిమిదీ వరసగా రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. నాకు మాత్రం అందులో ఒక లోటు కనిపించింది. ఫలానా వయసులో ఫలానా సమస్య ఎదురవుతుందని చెబుతాడు గానీ, ఆ వయసులో ఉండగా ఊరి మీదికి ఏమొచ్చిపడిందో ఆ మెట్లలో పెద్దగా కనబడదు.

ఆ ప్రశ్న గట్టిగా అడిగినవాడు అమెరికా సామాజిక శాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో కాలిఫోర్నియాలో పెరిగిన రెండు గుంపుల పిల్లల్ని పోల్చి చూశాడు. ఓక్లాండ్ పిల్లలు 1920-21లో పుట్టారు, బర్క్‌లీ పిల్లలు 1928-29లో పుట్టారు. తేడా ఎనిమిదేళ్ళే. తండ్రి ఉద్యోగం పోయినప్పుడు పెద్ద పిల్లలు చిన్నాచితకా పనులకి పోయి నాలుగు డబ్బులు తెచ్చారు, ఆడపిల్లలు ఇంటిపని అందుకున్నారు. మా అవసరం ఇంటికి ఉంది అనిపించింది వాళ్ళకి. చిన్నవాళ్ళకి, ముఖ్యంగా మగపిల్లలకి, ఇంట్లో రోజూ గొడవ చూడటం తప్ప చేసేదేమీ లేదు. కౌమారానికి వచ్చేసరికి వాళ్ళే ఎక్కువ దెబ్బతిని కనిపించారు. అయితే కథ అక్కడితో అయిపోలేదు. వాళ్ళలో చాలామంది తర్వాత సైన్యంలో చేరి, ఆ సాయంతో చదువుకుని కుదురుకున్నారు.

ఇది చదువుతుంటే నాకు మనవాళ్ళే గుర్తొచ్చారు. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళని వయసెంత అంటే పుట్టిన తేదీ చెప్పరు. "ఎనభయ్యారు వరదకి మావాడు చంకలో ఉన్నాడు", "తొంభై ఒకటి పుష్కరాలకి నాకు పెళ్ళి కుదిరింది" అంటారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. ఆ వరద మా లంక ఊళ్ళలో ఒకరికి ఏనుగంత భయం, ఇంకొకరికి పడవెక్కిన సరదా. తేడా అంతా అప్పటి వయసులో ఉంది.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మరీ స్పష్టంగా చూపిస్తుంది. వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. నాటు కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అంటే ఆ రాత్రి పోయింది ఒక పంట డబ్బు మాత్రమే కాదు, ఇంట్లో పిల్లల చదువు వయసంతా పోయింది. నాకు తెలిసిన ఒక ఇంట్లో పెద్దకొడుకు ఇంటర్ రెండో ఏడు. పుస్తకాలు మూసేసి, చేపల చెరువు మీద కాపలాకి వెళ్ళాడు. తమ్ముడు రెండో తరగతి. వాడు పదో తరగతికి వచ్చేసరికి కొత్త తోట కాపు మొదలైంది, కాలేజీ ఫీజుకి లోటు రాలేదు. ఇప్పుడు తమ్ముడు హైదరాబాదులో ఇంజనీరు. అన్నకి తెలివి తక్కువా? తుఫాను పదేళ్ళు ఆగి వచ్చి ఉంటే లెక్క ఇంకోలా ఉండేదేమో.

వాళ్ళ తాత సంగతి కూడా చెప్పాలి. అప్పటికే అరవై దాటాయి. పడిపోయిన మానులు తీయించి, మళ్ళీ గోతులు తవ్వించి మొక్కలు పెట్టించాడు. ఈ కాయ నువ్వు తింటావా తాతా అని ఎవరో వేళాకోళం చేస్తే, "నేను తిన్నవి నేను పెట్టానేంట్రా" అన్నాడట. ఎరిక్సన్ తన ఏడో దశలో చెప్పింది, తర్వాతి తరానికి ఏదైనా మిగల్చాలనే ఈ తాపత్రయమే. ఆయన దాన్ని మధ్యవయసులో పెట్టాడు. మనకి ముదిమిలో కూడా వదలదు.

ఎల్డర్ ఇంకో మాటన్నాడు, బతుకులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని. దానికి మన గల్ఫ్ ఇళ్ళకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇంటిపనికి తల్లి కువైట్ వెళితే బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. మా బడిలో ఒక పాప అమ్మమ్మని "అమ్మ" అనేది, తల్లిని "కువైట్ అమ్మ" అనేది. వీడియో కాల్‌లో తల్లికి పెరుగన్నం ముద్ద చూపించి తిను తిను అనేది. తల్లీబిడ్డల బంధం మీద రాసిన బౌల్బీ పాత రాతలు చదివితే తల్లి దూరమైతే బిడ్డ గతేమిటా అని టెన్షన్ పుడుతుంది. తర్వాతి పరిశోధకులు బిడ్డ ఒకరికన్నా ఎక్కువమందితో గట్టి బంధం పెంచుకోగలదని చూపించారు. ఆ పాప బాగానే ఉంది. నాకు బెంగల్లా అమ్మమ్మ గురించే. మోకాళ్ళ నొప్పులతో యాభై అయిదేళ్ళప్పుడు మళ్ళీ పసిపిల్ల తల్లయింది. ఆవిడ వికాసం గురించి ఏ అధ్యాయంలో రాశారో నేనింకా వెతుకుతున్నాను.

ముసలితనమంటే తరుగుదలే అనుకునేవాళ్ళకి మనస్తత్వవేత్త పాల్ బాల్టిస్‌ని చదవమంటాను. ప్రతి వయసులోనూ లాభమూ నష్టమూ రెండూ ఉంటాయంటాడు. ఆయన ఉదాహరణ పియానో విద్వాంసుడు రూబిన్‌స్టీన్. ఎనభై ఏళ్ళ వయసులో ఆ విద్వాంసుడు తక్కువ సంగీత రచనలు ఎంచుకునేవాడు, వాటినే ఎక్కువ సాధన చేసేవాడు, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కావాలని నెమ్మదించేవాడు. నర్సాపురం వైపు లేసు అల్లే ముసలమ్మని చూస్తే ఇదంతా కనబడుతుంది. సన్నదారం మనవరాలికి వదిలేసింది. పొద్దున వెలుతురు బాగున్నంతసేపే గడపలో కూర్చుంటుంది. చేతికి బాగా అలవాటైన అంచు ఒక్కటే అల్లుతుంది. కళ్ళు ఎటో ఉంటాయి, వేళ్ళు లెక్క తప్పవు.

పిల్లలూ, 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ఊళ్ళకి చుట్టాలు దిగుతారు, ఇంత మంది పెద్దవాళ్ళు ఒకచోట మళ్ళీ పన్నెండేళ్ళదాకా దొరకరు. ప్రాజెక్టు కావాలని మీ లెక్చరర్లు అడుగుతున్నారు కదా, ఇది చేయండి. 96 తుఫానుకి మీ వయసెంత, అప్పుడు ఏం మానేశారు, ఏం మొదలుపెట్టారు అని అడగండి. అన్నదమ్ములుంటే ఇద్దరినీ విడివిడిగా అడగండి, లేకపోతే పెద్దాయన మాటే చిన్నాయనా అంటాడు. ఆడవాళ్ళని వంటింట్లో పని అయ్యాక అడగండి. ఫోన్‌లో రికార్డు చేసేముందు వాళ్ళ అనుమతి తీసుకోండి.