అమీగా మళ్లీ మార్కెట్లో నిలబడుతుందా? (స్టూడియో చర్చ)

యాంకర్: నమస్కారం. 2025లో పాత హోమ్ కంప్యూటర్ల కంపెనీ కమోడోర్ పేరు మళ్లీ చేతులు మారింది, ఆ కంపెనీ పాత కంప్యూటర్ కమోడోర్ 64 కొత్త వెర్షన్‌కి 299 డాలర్ల నుంచి ఆర్డర్లు తీసుకున్నారు. ఇక కమోడోర్ వాళ్లదే మరో పాత కంప్యూటర్ అమీగా వంతు అంటున్నారు అభిమానులు. నా ప్రశ్న ఒక్కటే, ఈ తరం కుర్రాళ్లు కొంటారా?

కలెక్టర్ (పాత కంప్యూటర్లు సేకరించేవారు): కుర్రాళ్ల సంగతి తర్వాత సార్! 1985లోనే స్టీరియో సౌండు, 4096 రంగులు, ఒకేసారి పలు ప్రోగ్రాములు నడిపే మల్టీటాస్కింగ్ ఇచ్చిన మెషీన్ అది. అప్పుడు పీసీలు బీప్ బీప్ తప్ప...

ప్రోగ్రామర్: నలభై ఏళ్ల కిందటి మాటండీ అది. ఇవాళ అమీగా ఆపరేటింగ్ సిస్టమ్, అదే అమీగా ఓఎస్ 4...

కలెక్టర్: నన్ను పూర్తి చేయనివ్వండి!

ప్రోగ్రామర్: ...ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మీదే నడుస్తుంది. అది నడిచే పవర్‌పీసీ చిప్పుల బోర్డులు ఏవో కొన్ని తయారుచేస్తారు కాబట్టి రేట్లు మండిపోతాయి.

యాంకర్: అంటే కుర్రాళ్లు కొనరంటారు?

విశ్లేషకురాలు: అసలు చిక్కు అది కాదండీ. 1994లో కమోడోర్ మూతపడింది, మరుసటి ఏడాది ఎస్కామ్ అనే జర్మన్ కంపెనీ కొంది, 1996లో అదీ దివాలా, 1997లో గేట్‌వే అనే అమెరికా కంపెనీ చేతికెళ్లింది. ఆ తర్వాత పేరొకరిది, ఓఎస్ ఇంకొకరిది, మధ్యలో కోర్టు కేసులు. డబ్బు పెట్టేవాడు ఎవరితో సంతకం చేయాలి?

కలెక్టర్: కేసులెక్కడ లేవు మేడమ్? పాత స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కి కొత్త రూపం స్పెక్ట్రమ్ నెక్స్ట్ చూడండి, 2017లో జనం ముందే డబ్బు కట్టే కిక్‌స్టార్టర్ సైట్‌లో ఏడు లక్షల పౌండ్లు దాటింది!

విశ్లేషకురాలు: అదే స్పెక్ట్రమ్ పేరుతో వేగా ప్లస్ అనే చేతిలో పట్టుకునే గేమ్ మెషీన్‌కి ఐదు లక్షల పౌండ్ల పైనే వసూలైంది. కట్టినవాళ్లలో చాలామందికి ఏమీ చేతికి రాలేదు.

కలెక్టర్: అది వాళ్ల చేతగానితనం. మెషీన్‌దా తప్పు? నా దగ్గరున్న అమీగా ఏ500 ప్లస్‌లో బ్యాటరీ కారి, బోర్డు మీద పచ్చగా పట్టి, రాగి గీతల్ని తినేసింది. అందుకే కొత్త బోర్డులు రావాలంటున్నా. రావాలా వద్దా?

(ఇక్కడ కాసేపు ఎవరి మాటా వినపడలేదు.)

యాంకర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. 2022లో అమీగాని చిన్నగా చేసిన ఏ500 మినీ వచ్చిందిగా, కుర్రాళ్లు దాన్ని...

ప్రోగ్రామర్: దాని కీబోర్డు ఉత్త బొమ్మండీ, పని చేయదు. లోపలుంది ఫోన్లలో వాడే రకం ఆర్మ్ చిప్, పాత మెషీన్‌ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాము. గేములాడుకోడానికి బాగానే ఉంటుంది. దానికోసం కొత్తగా ప్రోగ్రాములు రాసేదెవరు?

కలెక్టర్: రాస్తారు! ముందు మెషీన్ రానివ్వండి, వాళ్లే వస్తారు!

విశ్లేషకురాలు: హక్కులు తేలకుండా మెషీన్ ఎలా...

కలెక్టర్: మళ్లీ అదే పాట!

యాంకర్: టైమ్ అయిపోయింది. మొత్తానికి కొనేవాళ్లున్నారని తేలింది...

ప్రోగ్రామర్: ఎక్కడ తేలిందండీ?

యాంకర్: ...కుర్రాళ్లు కూడా కొంటారేమో, బ్రేక్ తర్వాత చూద్దాం.

కలెక్టర్: ఇంకొక్క మాట సార్, అమీగాలో సౌండిచ్చే పౌలా చిప్ గురించి ఇంకా చెప్పనేలేదు...