పిడ్జిన్‌లో ఐఆర్‌సీ ఖాతా: తొలి కనెక్షన్ నుంచి నిక్ నమోదు దాకా

[తెర మీద: పిడ్జిన్ బడ్డీ లిస్ట్ కిటికీ, ఇంకా ఖాళీగా]

నమస్కారం. పిడ్జిన్ అనే మెసేజింగ్ ప్రోగ్రాంలో ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్, అంటే రాతలో గుంపుగా మాట్లాడుకునే పాత పద్ధతి) ఖాతాను ఎలా ఏర్పాటు చేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. పని చిన్నదే అయినా, కొత్తగా వచ్చినవారిలో పలువురు దీన్ని సగంలో వదిలేయడం నేను చూశాను. వారిని తికమక పెట్టేది ‘ఖాతా’ అనే మాటే. పిడ్జిన్‌లో మనం తయారుచేసేది ఏ సర్వర్‌కు, ఏ పేరుతో వెళ్లాలో రాసిపెట్టుకున్న చీటీ లాంటిది. అది మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. ‘ఈ పేరు ఫలానా వ్యక్తిది’ అని నెట్‌వర్క్ దగ్గర నమోదై ఉండే ఖాతా వేరు. దాన్ని పిడ్జిన్ మన తరఫున తెరవదు, మనమే వెళ్లి నమోదు చేసుకోవాలి.

ఇలా రెండుగా ఉండడానికి కారణం ఐఆర్‌సీ పుట్టుకలోనే ఉంది. 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ దీన్ని రాశారు. 1993 మేలో దీని ప్రోటోకాల్‌ను, అంటే కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాలను వివరిస్తూ ఆర్‌ఎఫ్‌సీ 1459 అనే సాంకేతిక పత్రం వెలువడింది. అందులో పేరును సొంతం చేసుకునే ఏర్పాటు లేదు. ఆ క్షణంలో ఎవరు వాడుతుంటే ఆ నిక్ (ఐఆర్‌సీలో మనం వాడే పేరు) వారిదే, వారు వెళ్లిపోతే మరొకరు తీసుకోవచ్చు. పేర్లను నమోదు చేసే సేవలను నెట్‌వర్క్‌లు తరువాత విడిగా జోడించుకున్నాయి.

ఈ వీడియో కోసం లిబెరా చాట్ నెట్‌వర్క్‌ను ఎంచుకున్నాను. ఫ్రీనోడ్ అనే పాత నెట్‌వర్క్‌లో యాజమాన్య వివాదం తలెత్తినప్పుడు అక్కడి స్వచ్ఛంద సిబ్బంది బయటికి వచ్చి 2021 మే 19న దీన్ని ప్రారంభించారు. పైథాన్ వంటి ఎన్నో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల చానెళ్లు, అంటే చర్చా గదులు ఇక్కడే ఉన్నాయి.

[తెర మీద: ఎకౌంట్స్ మెనూ, మేనేజ్ ఎకౌంట్స్, యాడ్ బటన్]

ఎకౌంట్స్ మెనూలో మేనేజ్ ఎకౌంట్స్ తెరిచి యాడ్ నొక్కండి. ప్రోటోకాల్ జాబితాలో ఐఆర్‌సీని ఎంచుకోగానే కింది గడులు మారతాయి. యూజర్‌నేమ్ అన్న చోట మీకు కావలసిన నిక్ రాయండి. అది ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, అంకెతో మొదలు కాకూడదు, లిబెరాలో పదహారు అక్షరాలు దాటకూడదు. తెలుగు లిపిలో నిక్ పెట్టుకునే వీలు ఇక్కడ లేదు, అది నాకు బాధ కలిగించే సంగతే. సర్వర్ గడిలో ‘ఐఆర్‌సీ డాట్ లిబెరా డాట్ చాట్’ అని, తెర మీద కనిపిస్తున్న ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి; అందులో ముందే వేరే సర్వర్ పేరు ఉంటే దాన్ని చెరిపేయండి. పాస్‌వర్డ్ గడిని ప్రస్తుతానికి ఖాళీగా వదలండి. నమోదు కాని పేరుకు పాస్‌వర్డ్ ఉండదు కనుక, ఇప్పుడే ఏదో ఒకటి రాస్తే ప్రయోజనం లేదు.

[తెర మీద: అడ్వాన్స్‌డ్ ట్యాబ్]

అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పోర్ట్ (సర్వర్‌లోకి వెళ్లే ద్వారం సంఖ్య) 6667 అని కనిపిస్తుంది. ఆ పోర్ట్‌లో మాటలు ఏ రక్షణా లేకుండా వెళతాయి కాబట్టి దాన్ని 6697గా మార్చి, మాటలను గుప్తంగా పంపే యూజ్ ఎస్ఎస్ఎల్ గడిలో టిక్ పెట్టండి. ఈ రెండూ కలిసి జరగాలి; ఒకటి మార్చి రెండోది మరిచిపోతే కనెక్షన్ కుదరదు.

అక్కడే ఐడెంట్ నేమ్ అనే గడి ఉంది. చాలామంది చూసీ చూడనట్టు దాటిపోయే గడి ఇదే. దీన్ని ఖాళీగా వదిలితే పిడ్జిన్ మీ కంప్యూటర్ లాగిన్ పేరును తీసుకుని నెట్‌వర్క్‌కు పంపుతుంది, అక్కడ ఎవరు మీ వివరాలు అడిగినా ఆ పేరు కనిపిస్తుంది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరును లాగిన్‌గా పెట్టుకున్నవారు మనలో తక్కువేమీ కాదు. కాబట్టి ఇక్కడ మీ నిక్‌నే మళ్లీ రాయండి, రియల్ నేమ్ గడిలోనూ బయటివారికి తెలిసినా ఫరవాలేదనుకున్న పేరే ఇవ్వండి.

ఎన్‌కోడింగ్ గడిలో యూటీఎఫ్-8 ఉంటే దాన్ని కదిలించవద్దు, తెలుగు సరిగా కనిపించడానికి అదే ఆధారం. అయితే ఒక పరిమితి ఉంది. ఐఆర్‌సీలో ఒక్కో సందేశానికి మొత్తం 512 బైట్లే దక్కుతాయి, అందులోనే మీ నిక్, చానెల్ పేరు వంటివి కొంత చోటు తీసుకుంటాయి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి. ‘స్త్రీ’ అన్న మాట కంటికి ఒక్క అక్షరమే. కానీ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ఈ లెక్కన ఒక సందేశంలో నూట యాభైకి అటూఇటుగా తెలుగు సంకేతాలే పడతాయి. అంతకంటే పొడవైన వాక్యం ముక్కలవుతుంది, లేదా చివర తెగిపోతుంది. తెలుగులో రాసేటప్పుడు చిన్న వాక్యాలు రాసి ఎంటర్ నొక్కడం మేలు.

[తెర మీద: కనెక్ట్ అయిన ఖాతా, కంట్రోల్, ఎమ్ మీటలు]

యాడ్ నొక్కగానే పిడ్జిన్ కనెక్ట్ అవుతుంది. ఇక అసలు నమోదు మొదలవుతుంది. లిబెరాలో ఈ పని చూసే సేవ పేరు నిక్‌సర్వ్. చానెల్ కిటికీలోనే స్లాష్‌తో మొదలయ్యే ఆదేశం రాసి దీన్ని పలకరించమని చాలా చోట్ల చెబుతారు, నేను అలా చేయవద్దని గట్టిగా చెబుతాను. ఆ స్లాష్‌కు ముందు పొరపాటున ఒక ఖాళీ పడితే అది ఆదేశం కాక మామూలు సందేశంగా మారిపోయి, మీ పాస్‌వర్డ్ చానెల్‌లోని అందరికీ చేరుతుంది. నాకు ఒకసారి అలాగే జరిగింది. వెంటనే పాస్‌వర్డ్ మార్చుకున్నాను గానీ, పంపిన సందేశాన్ని వెనక్కి తీసుకునే మార్గం ఐఆర్‌సీలో లేదు. అందువల్ల కంట్రోల్, ఎమ్ మీటలు కలిపి నొక్కి, కొత్త సందేశపు కిటికీలో నిక్‌సర్వ్ పేరు ఇచ్చి, దానితో విడిగా మాట్లాడండి. ఆ కిటికీలో స్లాష్ అవసరం లేదు. తెర మీద చూపినట్టు రిజిస్టర్ అనే మాట, ఒక ఖాళీ, పాస్‌వర్డ్, మరో ఖాళీ, మీ ఈమెయిల్ చిరునామా రాసి ఎంటర్ నొక్కండి.

కాసేపటికి ఈమెయిల్‌కు ఒక ఉత్తరం వస్తుంది. అందులో వెరిఫై అనే మాటతో ఒక ఆదేశం, దాని చివర ఒక కోడ్ ఉంటాయి. వెరిఫై నుంచి చివరి వరకు కాపీ చేసి అదే నిక్‌సర్వ్ కిటికీలో అతికించండి. ఉత్తరం కనిపించకపోతే స్పామ్ ఫోల్డర్ చూడండి. ఇది పూర్తయ్యాకే ఆ నిక్ మీ పేరు మీద నమోదవుతుంది.

[తెర మీద: మాడిఫై ఎకౌంట్ కిటికీ]

ఇప్పుడు మళ్లీ మేనేజ్ ఎకౌంట్స్‌కు వెళ్లి, ఈ ఖాతాను మాడిఫై చేస్తూ పాస్‌వర్డ్ రాయండి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఎస్ఏఎస్ఎల్ గడికి టిక్ పెట్టండి. దీనితో మీరు ఏ చానెల్‌లోకీ అడుగుపెట్టక ముందే, కనెక్ట్ అయ్యే క్షణంలోనే నెట్‌వర్క్ మిమ్మల్ని గుర్తిస్తుంది. నమోదైన నిక్‌లను మాత్రమే రానిచ్చే చానెళ్లలోకి కూడా ఆటంకం లేకుండా వెళ్లగలుగుతారు. నమోదుకు ముందే ఈ టిక్ పెట్టినవారికి ధ్రువీకరణ విఫలమైందన్న సందేశం ఎదురవుతుంది, అందుకే దీన్ని ఇంతసేపూ ఆపాను.

రిమెంబర్ పాస్‌వర్డ్ గడి గురించి ఒక హెచ్చరిక చేయాలి. పిడ్జిన్ రెండో తరం వెర్షన్లు పాస్‌వర్డ్‌ను ఎలాంటి మరుగూ లేకుండా, చదవగలిగే అక్షరాల్లోనే అకౌంట్స్ డాట్ ఎక్స్ఎమ్ఎల్ అనే ఫైల్‌లో దాచుతాయి. ఆఫీసు కంప్యూటర్‌లోనో కాలేజీ ల్యాబ్‌లోనో అయితే ఆ టిక్ పెట్టవద్దు. సొంత కంప్యూటర్‌లో పెట్టినా, మీ ఈమెయిల్‌కో బ్యాంకుకో వాడే పాస్‌వర్డ్‌ను ఇక్కడ వాడవద్దు.

[తెర మీద: బడ్డీస్ మెనూ, జాయిన్ ఎ చాట్]

చానెల్‌లో చేరడానికి బడ్డీస్ మెనూలో జాయిన్ ఎ చాట్ తెరిచి, హ్యాష్ గుర్తుతో సహా చానెల్ పేరు రాయండి. తొలి ప్రయత్నానికి హ్యాష్ లిబెరా బాగుంటుంది, నెట్‌వర్క్ గురించి సందేహాలు అడిగే చోటు అది. రోజూ వెళ్లే చానెల్‌ను యాడ్ చాట్ ద్వారా బడ్డీ లిస్ట్‌లో చేర్చి, ఆటోజాయిన్ టిక్ పెట్టుకుంటే పిడ్జిన్ తెరిచిన ప్రతిసారీ అదే మిమ్మల్ని అక్కడికి చేరుస్తుంది.

చేరాక పైన కనిపించే టాపిక్ చదివి, ‘ఒక ప్రశ్న అడగవచ్చా’ అని ఆగకుండా ప్రశ్నే నేరుగా అడగండి. జవాబు తెలిసినవారు వేరే దేశంలో అప్పుడు నిద్రలో ఉండవచ్చు, లేచాక చూసి చెబుతారు. మీరు లేనప్పుడు చానెల్‌లో జరిగిన మాటలను సర్వర్ మీ కోసం దాచి ఉంచదు కాబట్టి, జవాబు వచ్చేదాకా పిడ్జిన్‌ను మూసివేయకండి.