రెండో ఏడాది కూడా నడవాలి

(రాజాంలో మహిళా సంఘాల సభ్యులు, కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, డ్వాక్రా అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడి వింటున్న పిల్లలకు నమస్కారం.

రాజాం మొన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్‌లో విజయనగరంలో కలిసింది. అందుకే ఇక్కడ నిలబడి రెండు జిల్లాల సంగతీ మాట్లాడితే ఎవరూ ఏమీ అనుకోరని నా ధైర్యం.

మన ఊళ్లలో మంచి పనులు మొదలవడం కొత్తేమీ కాదు. మొక్కలు నాటుతాం, చెరువులో పూడిక తీస్తాం, చిరుధాన్యాల పండగ చేస్తాం. ప్రారంభం రోజు ఫొటోలో అందరూ ఉంటారు. ఏడాది తిరిగాక అదే చోటికి వెళ్లి చూస్తే మొక్కలకు నీళ్లు పోసే మనిషి ఉండడు, షెడ్డుకు తాళం వేసి ఉంటుంది. కొన్ని ఊళ్లలో మాత్రం పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. అక్కడ ఏం జరిగిందన్నదే నేను ఇవాళ చెప్పదలచుకున్న విషయం.

ముందు తిండి సంగతి. చోడి (రాగి) అంబలి ఎలా కాస్తారో ఇక్కడున్న అక్కలకు నేను చెప్పక్కర్లేదు. వెనక కూర్చున్న పిల్లల కోసం చెబుతున్నాను. రాత్రి చోడిపిండిని నీళ్లలో కలిపి పులియబెడతారు. పొద్దున్న నూకలు ఉడికించి, అందులో ఆ పిండి పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ కాస్తారు. చల్లారాక మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో కొరుక్కుంటూ తాగి పొలానికి వెళ్లేవారు. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మనం రోజూ తినే తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. మోకాళ్లు పట్టేశాయని ఆసుపత్రి చుట్టూ తిరిగే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నొప్పికి కారణాలు చాలా ఉండొచ్చు, కానీ ఎముకకు కావలసిన ఈ తిండి మన పొలంలోనే పండేదన్నది మరిచిపోకూడదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లో మూడు పూటలా అన్నం ఉడికింది. ఆకలి తీరింది, అది చాలా గొప్ప సంగతి. దాంతోపాటు గంటెలు (సజ్జలు), సామలు, కొర్రలు పొలం నుంచీ కంచం నుంచీ జారిపోయాయి. ఇప్పుడు వాటిని మళ్లీ తినమని అందరం చెబుతున్నాం. అయితే ఒక్క విషయం ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. చోళ్లకు పొట్టు తీసే పని ఉండదు, నేరుగా పిండి పట్టించుకోవచ్చు. సామలు, కొర్రలు, ఊదలు అలా కాదు. వాటిని దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ఏజెన్సీ ఊళ్లలో ఆ దంపుడు పనంతా ఆడవాళ్ల భుజాల మీదే పడేది. బియ్యం చేతికొచ్చాక వాళ్లు రోకలి పక్కన పెట్టేశారంటే తప్పు పట్టే హక్కు మనకెవరికీ లేదు.

కాబట్టి చిరుధాన్యాలు తినాలని చెప్పే ప్రాజెక్టు ఏదైనా ముందు పొట్టు తీసే మిషన్ దగ్గర మొదలవ్వాలి. మిషన్ పెట్టడంతోనూ పని అయిపోదు. సామ గింజ సైజు వేరు, కొర్ర గింజ సైజు వేరు. దానికి తగ్గట్టు జల్లెడ మార్చాలి. గింజలో రాళ్లు, మట్టిబెడ్డలు ముందే ఏరెయ్యాలి. తడి ఉన్న గింజ పోస్తే నూక ఎక్కువైపోతుంది. జల్లెడ మార్చడం ఒక్కరికే తెలిసి, ఆవిడ పెళ్లికని పుట్టింటికి వెళితే వారం రోజులు మిషన్ ఆగిపోతుంది. అందుకే సంఘంలో కనీసం ముగ్గురికి ఆ పని రావాలి. కిలోకు ఇంత అని ఆడింపు కూలీ తీసుకోవాలి, ఆ డబ్బులోంచి రిపేరుకు కొంత పక్కన పెట్టాలి. ఉచితంగా ఆడిస్తామంటే అందరికీ సంతోషమే. కానీ బెల్టు తెగిన రోజున చేతిలో పైసా ఉండదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొర్రన్నం తింటే షుగర్ పోతుందని, మాత్రలు మానేయొచ్చని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. దయచేసి నమ్మకండి. పొట్టు మాత్రమే తీసి, తవుడు పొర పోకుండా ఉంచిన చిరుధాన్యంలో పీచు ఎక్కువ, అది మంచిదే. తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టిస్తే ఆ మేలు చాలావరకు పోతుంది. ఎంత మంచి గింజైనా పళ్లెం నిండా తింటే షుగర్ పెరుగుతుంది. డాక్టరుని అడక్కుండా మాత్రలు మానకండి.

ఇక వ్యవసాయం. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యం నడుస్తోంది. 2024లో పోర్చుగల్‌లో ఇచ్చే గుల్బెంకియన్ మానవాళి పురస్కారాన్ని మన కార్యక్రమం మరో ఇద్దరితో కలిసి అందుకుంది. దీన్ని ఊళ్లకు మోసుకెళ్లింది ఎక్కువగా మహిళా సంఘాలే. ఆ గౌరవంలో మీ వాటా ఉంది.

ఎరువుకు బదులు పొలానికి వాడే ద్రవ జీవామృతం మీలో చాలామందికి తెలుసు. రెండు వందల లీటర్ల డ్రమ్ము నీళ్లలో పది కిలోల ఆవుపేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు వేసి, నీడలో ఉంచి, పొద్దునా సాయంత్రం కర్రతో కలపాలి. రెండు రోజుల్లో తయారవుతుంది, వారంలోపు వాడేయాలి. రాసుకుంటే నాలుగు ముక్కలే. కానీ నిజంగా చేసేటప్పుడు చూడండి. మన రెండు జిల్లాల నుంచి కుర్రాళ్లు విజయవాడ, హైదరాబాద్, చెన్నై పనులకు వలస పోయారు. ఇంట్లో మిగిలింది ముసలి అమ్మానాన్నలు. ఆవును ఎప్పుడో అమ్మేశారు. ఆ పెద్దాయన రెండు వందల లీటర్ల డ్రమ్ము తిప్పి, బిందెలతో పొలానికి మోయాలంటే అయ్యే పనేనా? యూరియా బస్తా అయితే ఆటోలో వచ్చి గట్టు మీద దిగుతుంది. ఆయనకు మట్టి మీద ప్రేమ లేక కాదు, నడుం సహకరించక ఆ బస్తా వైపు వెళతాడు.

దీనికి దారి లేకపోలేదు. ఊళ్లో పశువులున్న రెండు మూడు ఇళ్లవాళ్లు ఘన జీవామృతం (గట్టిగా, పొడిగా ఉండే రకం), కషాయాలు తయారుచేసి అమ్మే చిన్న దుకాణం పెట్టుకుంటే, వాళ్లకు నాలుగు డబ్బులొస్తాయి, పెద్దాయనకు మోత తప్పుతుంది. ఘన జీవామృతాన్ని నీడలో ఆరబెట్టి గోనెసంచిలో దాచుకోవచ్చు కాబట్టి తొందర కూడా ఉండదు. ఎవరి ఓపికకు తగ్గ పని వాళ్లకు అప్పజెప్పిన ఊళ్లోనే ప్రకృతి సేద్యం నిలుస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రతి రైతూ అన్నీ తానే చేసుకోవాలని పట్టుబడితే అది ఓపికా తీరికా ఉన్నవాళ్ల వ్యవసాయంగానే మిగిలిపోతుంది.

నీళ్ల సంగతి వచ్చేసరికి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం గురించి మాట్లాడకుండా ఉండలేను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడి తోటలతో పచ్చగా ఉండే నేల. అక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటినీ పట్టి పీడించింది. ఎందుకొస్తోందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నీళ్లు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం... ఇలా చాలా కారణాలను పరిశోధకులు చూస్తున్నారు. వంశధార నీటిని హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల ద్వారా ఆ ఊళ్లకు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇవి ప్రభుత్వం చేయాల్సిన పనులు, చేసింది.

మరి ఊరు చేయాల్సిందేమిటి? రాజాం పక్కన చేలో పనిచేసే కూలీకైనా ఇది వర్తిస్తుంది. ఉపాధి పనుల దగ్గర నీడా, తాగునీరూ అడిగి పెట్టించుకోవడం. మండుటెండ వేళ పని ఆపడం. ఒళ్లు నొప్పులని కిరాణా కొట్టులో మాత్ర కొని రోజూ మింగే అలవాటు మాన్పించడం. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకునేలా చూడడం. ఆశా కార్యకర్త ఒక్కరే ఇన్ని ఇళ్లు తిరగలేదు. సంఘంలో పదిమందీ పది ఇళ్లు చూసుకుంటే పని తేలికవుతుంది.

అదే సోంపేటలో బీల ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఆ చిత్తడి నేలను ఇచ్చినప్పుడు జనం ఎదురు తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. కాగితాల మీద పనికిరాని బంజరుగా కనిపించిన ఆ బీల నీళ్లతో వరి పండుతుంది, చేపలు దొరుకుతాయి, పశువులకు మేత దొరుకుతుంది. రోజూ దాని మీద బతికేవాళ్లకు దాని విలువ ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మన చెరువుల విషయంలో నాకు బాధ కలిగించేది ఇక్కడే. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే ప్రాంతం మనది. అయినా చెరువుతో మనకు రోజువారీ అవసరం తెగిపోయింది. బోరు ఉంది, కుళాయి ఉంది. అవసరం తెగిపోయిన చెరువులో చెత్త పోసినా, గట్టు తొలిచి ఇల్లు కట్టినా అడిగే నోరు లేదు. పూడిక తీయడం మంచిదే. దాని వెంటే చేపల పెంపకమో, గట్టు మీద మునగ, కరివేపాకు పెంచే హక్కో ఒక సంఘానికి ఇస్తే ఆ చెరువుకు కాపలా దొరికినట్టే.

చెత్త గురించి ఎక్కువ చెప్పను. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద షెడ్లు ఉన్నాయి. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే విడదీయకపోతే ఆ షెడ్డు ఎంత పెద్దదైనా వృథా. పిల్లలూ, ఇది మీ పని. ఒక్క వీధి తీసుకోండి, ఏడాదంతా వదలకండి.

చివరిగా, వాన పడేలోపు చేయాల్సిన ఒక పని. వచ్చే నెల సంఘం మీటింగుకు ఇంట్లో ఉన్న విత్తనం గుప్పెడు చొప్పున తీసుకురండి. చోళ్లు, గంటెలు, కందులు, ఉలవలు, ఆనప గింజలు, బీర గింజలు, ఏవైనా సరే. ఎవరి దగ్గర ఏముందో పుస్తకంలో పేరు పక్కనే రాయించండి. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక అంతకు రెండింతలు తిరిగి ఇవ్వాలని కూడా రాయండి. గంటె విత్తనం ఊళ్లో ఎవరి దగ్గరా లేదని తేలితే, పక్క ఊరి సంఘాన్ని అడగడానికి అప్పటికి ఇంకా సమయం ఉంటుంది.