మొదటి ఏడాది తేనె తియ్యకండి

(మే 20న కోనసీమలో ఒక డ్వాక్రా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకీ చెల్లెళ్ళకీ, ముందు వరసలో కూర్చున్న పెద్దలకీ నమస్కారమండి. అందరి పేర్లూ చదివితే ఇక్కడే పొద్దుపోతుంది, మన్నించండి. 1734లో ఇదే రోజున స్లొవేనియాలో ఆంటన్ యాన్షా అనే ఆయన పుట్టారు. తేనెటీగల పెంపకం నేర్పిన తొలి గురువుల్లో ఒకరు. ఆయన పుట్టినరోజునే 2018 నుంచి ప్రపంచ తేనెటీగల దినంగా జరుపుతున్నారు. నేను మాత్రం ఈ రోజు మా మొదటి పెట్టె సంగతి చెప్పాలని వచ్చానండి.

జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చినప్పుడు మీలో చాలామంది అడుగుతారు, తేనెటీగలు పెంచాలంటే ఎంత కావాలీ అని. నేను మిషన్ మీద వచ్చిన డబ్బుతోనే మొదలెట్టాను. కొనాల్సింది ఒక పెట్టె, అందులోకి ఈగలు. ముసుగు దోమతెర ముక్కతో నేనే కుట్టుకున్నాను, పాత టోపీ అంచుకి. పొగకి కొబ్బరి పీచు. స్టాండు నాలుగు కాళ్ళ కింద నీళ్ళు పోసిన కొబ్బరి చిప్పలు పెడితే చీమ ఎక్కదు. తుట్టెని తిప్పి తేనె తీసే మిషన్ అసలు కొనకండి. ఊరికొకటుంటే చాలు, మన సంఘం పేరున కొందాం.

పెట్టె వడ్రంగి చేత చేయించుకోవచ్చు గానీ, కొలతకి ఒక మంచి ఫ్రేము, అంటే ఈగలు తుట్టె కట్టే చెక్క చట్రం, పట్టుకెళ్ళి ముందు పెట్టండి. 1851లో లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికా పాస్టరుగారు కనిపెట్టిందదే: ఫ్రేముల చుట్టూ ఈగ నడవడానికి సరిపడా సందు వదిలితే అవి దాన్ని అలాగే ఉంచుతాయి. ఎక్కువైతే అడ్డంగా తుట్టె కడతాయి, తక్కువైతే, ఆయన పెంచిన ఐరోపా ఈగలు జిగురుతో అతికేస్తాయి. నా పెట్టెలో సందు ఎక్కువైంది. ఫ్రేము లాగితే పక్క ఫ్రేము తుట్టె చీలి, పిల్లపురుగులు నా చేతి మీద పడ్డాయి.

ఈగల్లో మనకి పుట్ట తేనెటీగే మేలు. తొర్రల్లో, గోడ కన్నాల్లో చీకట్లో ఉంటుంది కాబట్టి పెట్టెలో ఉండగలదు. కొమ్మకి వేలాడే పెద్ద తేనెపట్టు కట్టే ఈగ పెట్టెలో ఇమడదు. ఐరోపా ఈగ ఎక్కువ తేనె ఇస్తుంది గానీ పూలున్న చోటికల్లా మోసుకు తిప్పాలి, ఆ ఖర్చు మనవల్ల కాదు. కొనేటప్పుడు పగటి పూట వెళ్ళి పెట్టె తెరిపించండి. తుట్టెలో చిన్న గదికొక తెల్ల గుడ్డు, సన్నటి దారం ముక్కలా నిలబడి కనిపించాలి. కనిపిస్తే రాణి ఉన్నట్టే. కనిపించకపోతే డబ్బు తియ్యకండి.

ఇక నా తప్పు చెప్తాను. ఆ మొదటి మే నెలలో, ఇలాంటి ఎండల్లోనే, పెట్టెలో తేనె నిండింది. పెట్టెకి రెండు అరలు, పైగదిలో తేనె, కిందగదిలో పిల్లలు. పైగదిలో ఉన్నదంతా పిండాను. అంతటితో ఆగలేదు. కిందగదిలో పిల్లల చుట్టూ మూలల్లో అవి దాచుకున్నది కూడా కోసుకొచ్చాను. వీధంతా గిన్నెలతో పంచాను, అందరూ మెచ్చుకున్నారు. జూలైలో ముసురు పట్టింది. కొబ్బరి నెలనెలా పూలగెల వేస్తుంది కదా, ఆకలేముంటుందిలే అనుకున్నాను. వానలో ఈగ బయటికే రాలేకపోతే గెల ఉండి ఏం లాభం?

రోజూ రాత్రి పెట్టెకి చెవి ఆనించి వినేదాన్ని. లోపల దూరంగా మిషన్ తిరుగుతున్నట్టుండేది. ఒక రాత్రి ఏమీ వినపడలేదు. తెల్లారి తెరిచాను. రెండు ఫ్రేములకి మైనపు పురుగు బూజు అల్లేసింది. మిగతా తుట్టెల్లో కొన్ని ఈగలు తలలు గదుల్లోకి దూర్చి, తోకలు బయటికి పెట్టి చచ్చిపోయి ఉన్నాయి. అడుగున చివరి చుక్క కోసం దూరాయమ్మా అవి! మిగిలినవన్నీ ఎగిరిపోయాయి. కిలో పంచదారకి కిలో నీళ్ళు కలిపి సాయంత్రాలు లోపల పెట్టి ఉంటే నిలిచేవి.

ఈగలు తలలు దూర్చి చచ్చిన ఫ్రేము ఒకటి నేను కడగలేదు. ఇదిగో తెచ్చాను, ఒకరి చేతి నుంచి ఒకరికి ఇచ్చి చూడండి. జాగ్రత్త, పెళుసెక్కింది.

ఇంకో మాట. ఇది అనుకోలేదు, కానీ ఆ వెనక కూర్చున్న తమ్ముళ్ళని చూస్తే చెప్పాలనిపిస్తోంది. పోయిన వారం రేవు దగ్గర రావిచెట్టు పట్టుకి దివిటీ పెట్టారు. పొద్దున్నే వెళ్తే కాలిన రెక్కలు గంపెడు. నాయనా, తేనె మీకు చారెడు దక్కింది. ఆ పట్టు మొత్తం పోయింది. ఇక దివిటీ పట్టకండి, మీకు దణ్ణం పెడతాను. మీ ఇళ్ళలో చేలకి మందు కొట్టేవాళ్ళుంటే, పూలున్నప్పుడు పొద్దుటిపూట కొట్టొద్దని చెప్పండి. తప్పదంటే పొద్దుగూకాక, ఈగలు గూట్లోకి చేరాక కొట్టమనండి.

మొదటి ఏడాది తియ్యకండమ్మా. ఒక్క ఏడాది. ఆ తర్వాతి ఏడాది కూడా కిందగది జోలికి పోవద్దు, పైగదిలోనే తియ్యండి.

టీ అయ్యాక వెనక జామచెట్టు కింద పెట్టె తెరుస్తాను. నలుగురేసి రండి. సెంటు పూసుకున్నవాళ్ళు కాస్త దూరంగా ఉండండి. ద్వారానికి ఎదురుగా నిలబడొద్దు, పక్కనుంచి రండి. గుడ్డు ఎలా ఉంటుందో చూపిస్తాను.