అడగొద్దన్న మాట

శ్రోతలందరికీ నమస్కారం, అస్సలాము అలైకుం.

1095వ సంవత్సరం. బాగ్దాదులోని నిజామియా మదరసాలో అబూ హామిద్ అల్ గజాలీ ప్రధాన ఆచార్యుడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఎదురుగా మూడు వందల మంది విద్యార్థులు. అలాంటి మనిషి ఒకరోజు పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. తర్వాత ముద్ద దిగడం కూడా మానేసింది. వైద్యులు చూసి, ఇది మనసులో పట్టుకున్న జబ్బు, మందులతో పోయేది కాదని చేతులెత్తేశారు.

ఈ సంగతంతా గజాలీ స్వయంగా రాసుకున్నారు. తాను చెప్పే పాఠాలు దేవుడి కోసమా, పేరు కోసమా అని తనను తాను నిలదీసుకున్నారట. పేరు కోసమేనని తేలింది. దాదాపు ఆరు నెలలు అదే టెన్షన్. పొద్దున అన్నీ వదిలేసి పోదామనుకోవడం, సాయంత్రానికి మనసు మార్చుకోవడం. చివరికి పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగిలిన ఆస్తి పంచేశారు. మక్కా వెళ్తున్నానని పైకి చెప్పి డమాస్కస్ చేరుకున్నారు. అక్కడ పెద్ద మసీదు మీనారు ఎక్కి, తలుపు వేసుకుని, పగలంతా ఒక్కరే కూర్చునేవారు.

ఆ తలుపు వెనక ఏం జరిగింది? జరిగిందేదో జరిగింది, మంచిదే అనుకోండి, వివరం మాత్రం అడగొద్దు అనే అర్థంలో ఒక పాత కవిత చరణం చెప్పి ఊరుకున్నారాయన. అంతటి పండితుడు, పేజీల కొద్దీ రాయగలిగినవాడు, సరిగ్గా అక్కడ కలం ఆపేశారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ ఒక్క చోటే.

దేవుణ్ణి లోపలి అనుభవంతో వెతికే ముస్లిం సాధకులను సూఫీలంటారు. మాటల్లో చెప్పలేని ఇలాంటి అనుభవాన్ని వాళ్లు 'జౌఖ్' అంటారు. అంటే రుచి. గజాలీ చెప్పిన పోలిక చూడండి: జబ్బుపడిన వైద్యుడికి ఆరోగ్యం అంటే ఏమిటో, దానికి ఏ మందు కావాలో అంతా తెలుసు. కానీ ఆరోగ్యం మాత్రం ఆయన దగ్గర లేదు. అలాగని ఈ రుచి దొరికిందని నమాజు వదిలేయొచ్చు అనుకునేవాళ్లను గజాలీ ఒప్పుకోలేదు.

అల్లాహ్ మనిషికి మెడనరం కంటే దగ్గరగా ఉన్నాడని ఖురాన్ మాట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా జేజి గుర్తొస్తుంది. ఆమెకు చదువు రాదు, గజాలీ పేరు కూడా విని ఉండదు. ఫజర్‌కు, అంటే తెల్లవారుజాము నమాజుకు ముందే, ఊరంతా నిద్రలో ఉండగా లేచి తహజ్జుద్ అనే రాత్రి నమాజు చేసేది. సజ్దాలో నుదురు జానిమాజ్ అనే నమాజు చాప మీద ఆనించి ఎంతకీ లేచేది కాదు. నిద్రపోయిందేమోనని చిన్నప్పుడు ఒకసారి కొంగు పట్టి లాగాను. కాసేపటికి సలాం చెప్పి నమాజు ముగించి నా వైపు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. అంతసేపు ఏం కనపడింది జేజీ అన్నాను.

ఆమె జవాబు చెప్పలేదు. తస్బీ జపమాల పక్కన పెట్టి, తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచి నా చేతుల మీద పోసింది. "ముందు వజూ చేసుకో నాయనా" అంది, నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోమని. మా ఊళ్లో చలికాలం తెల్లవారుజామున తొట్టి నీళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఒళ్లు జలదరించింది. ఆమె పక్కనే, ఆమె జానిమాజ్ మీదే నిలబడ్డాను.