కవచం కట్టుకుంటే ఎదుటివాడికి భయమెందుకు?

[తెర మీద: సందుకు అటూ ఇటూ రెండు డాబా ఇళ్ళు]

నమస్కారం. ఒడిశా తీరంలో ఇంటర్‌సెప్టర్‌ను, అంటే శత్రు క్షిపణిని దారిలోనే కూల్చే కవచం లాంటి క్షిపణిని, పరీక్షించారన్న వార్త వస్తే హైదరాబాద్‌లో మనకు గర్వం ఒక పాలు ఎక్కువే. ఉండాలి కూడా. కంచన్‌బాగ్ వైపు ఉన్న డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో ఎందరి శ్రమో అందులో ఉంది. కానీ ఆ వార్త వచ్చిన ప్రతిసారీ ఒక వాదన వినిపిస్తుంది, నాకు మనసు ఆగదు. ‘క్షిపణి దాడికి, కవచం రక్షణకు. కవచం కట్టుకుంటే ఎవరికి నష్టం? అభ్యంతరం చెప్పేవాడికే దురుద్దేశం ఉన్నట్టు!’ వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. అందుకే దీన్ని విప్పి చూడాలి.

పాతబస్తీ సందులో ఎదురెదురుగా రెండు డాబా ఇళ్ళు ఉన్నాయనుకోండి. రెండింటికీ నిండా అద్దాల కిటికీలే. రెండు డాబాల మీదా వందేసి రాళ్ళ కుప్పలు. ఇద్దరికీ బొత్తిగా పడదు. అయినా ఏళ్ళ తరబడి ఒక్క రాయి లేవలేదు. ఎవరు మొదలుపెట్టినా రెండిళ్ళ అద్దాలూ పోతాయని ఇద్దరికీ తెలుసు. ఇది మంచి ఏర్పాటని నేను అనను. పిల్లలు పడుకునే గది కిటికీని పందెంలో పెట్టి కొనుక్కున్న శాంతి అది. కానీ ఇన్నాళ్ళూ నిలిచింది.

ఇప్పుడు ఒకాయన తన కిటికీలకు ఇనుప వల బిగించాడు. వంద రాళ్ళు ఒక్కసారిగా వచ్చి పడితే ఆ వల నిలవదు. మరి ఎదురింటాయనకు నిద్ర ఎందుకు పట్టదు? ఆయన లెక్క వేరు. ఒక రాత్రి వల ఉన్నాయనే ముందుగా దాడి చేసి తన కుప్పలో తొంభై రాళ్ళను నాశనం చేస్తే, తిరిగి విసరడానికి మిగిలేవి పది. వందను ఆపలేని వల పదిని ఆపగలదు. రాళ్ళ కుప్ప లేని ఇంటికి వల కడితే అది రక్షణ, సందేహం లేదు. వలా కుప్పా ఒకే ఇంట్లో ఉంటే, ముందుగా విసరడానికి అది ధైర్యం కూడా. వల ఉన్నాయనకు అలాంటి ఆలోచనే లేకపోవచ్చు. కానీ ఎదురింటికి కనిపించేది ఆయన ఆలోచన కాదు, వల.

ఈ విషయం మహామహులకే మింగుడుపడలేదు. 1967లో అమెరికాలోని గ్లాస్‌బరోలో, కవచాలు కట్టడం మానుకుందామని అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా సోవియట్ ప్రధాని కొసిగిన్‌కు చెప్పి చూశారు. కొసిగిన్ ఒప్పుకోలేదు. ప్రాణాలు కాపాడే ఆయుధంలో తప్పేముందన్నది ఆయన వాదన, అచ్చం మనవాళ్ళ వాదనే. అయిదేళ్ళు తిరిగేసరికి, 1972 మే 26న, అదే సోవియట్ యూనియన్ మాస్కోలో క్షిపణి నిరోధక వ్యవస్థలను పరిమితం చేసే ఒప్పందం మీద సంతకం చేసింది. వలలు తక్కువ కడదాం, అప్పుడు రాళ్ళ లెక్క కూడా అదుపులో ఉంటుంది అన్నది దాని సారం. 1983లో అమెరికా అధ్యక్షుడు రీగన్ అంతరిక్ష కవచం గురించి ప్రకటించే నాటికి పాత్రలు తారుమారయ్యాయి. ఈసారి భయం సోవియట్లది.

1986 అక్టోబరులో ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లో సమావేశం. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా కలచివేసే ఘట్టం ఇది. రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ అణ్వాయుధాలన్నిటినీ వదిలేద్దామన్నంత దూరం వెళ్ళారు. చివరికి కవచం పరీక్షలు ప్రయోగశాల దాటకూడదన్న షరతు దగ్గర బండి ఆగిపోయింది. ఆ పరిజ్ఞానం మీకూ ఇస్తామన్నారు రీగన్. గోర్బచేవ్ నమ్మలేదు. డెయిరీ యంత్రాలు ఇవ్వడానికే ఇష్టపడని మీరు ఇది ఇస్తారా అన్నది ఆయన ప్రశ్న. నా వలలాంటిదే మీకూ కట్టిస్తానని ఎదురింటాయన అంటే మనమైనా నమ్ముతామా?

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఇజ్రాయెల్ ఐరన్ డోమ్‌ను చూపించి, కవచం పనిచేస్తోంది కదా అంటారు. అది తక్కువ దూరం రాకెట్లను ఆపడానికి కట్టినది. అక్కడ పదిలో తొమ్మిదింటిని ఆపితే ఘనవిజయం. అణు క్షిపణుల్లో ఆ మిగిలిన ఒక్కటి ఒక నగరం. పైగా దూరం వెళ్ళే అణు క్షిపణుల దారి అంతరిక్షం గుండానే, అక్కడ గాలి ఉండదు కాబట్టి బరువైన వార్‌హెడ్ (క్షిపణి మోసే బాంబు), దానిలా కనిపించే తేలికపాటి బెలూన్ ఒకే వేగంతో ప్రయాణిస్తాయి. వల కట్టే ఖర్చుతో పోలిస్తే, రాళ్ళలా కనిపించే ఉత్తుత్తి రాళ్ళు తయారుచేయడం చాలా చవక.

మన దగ్గరికి వద్దాం. 2006 నవంబరులో మన దేశం తొలి ఇంటర్‌సెప్టర్ పరీక్ష చేసింది. 2017 జనవరిలో పాకిస్తాన్ అబాబీల్‌ను పరీక్షించింది. ఒకే క్షిపణి మీద పలు వార్‌హెడ్లు మోసేలా దాన్ని రూపొందించారు. ఈ ప్రాంతంలో పెరుగుతున్న క్షిపణి రక్షణ వ్యవస్థలను తట్టుకోవడానికేనని పాక్ సైన్యం అప్పుడే ప్రకటించింది. వలకు జవాబు గుప్పెడు రాళ్ళు. 2024 మార్చి 11న మనమూ పలు వార్‌హెడ్లతో అగ్ని-5ని పరీక్షించాం. అందులో చైనా లెక్క కూడా ఉంటుంది. కవచం కట్టవద్దని నేను అనడం లేదు. కవచం కట్టి ఊరుకుంటే పని సగంలో ఆగినట్టేనని నా గట్టి అభిప్రాయం.

సమయం దగ్గర పడింది, మిగతాది వేగంగా చెబుతాను. నమ్మకం అంటే మనసు మంచిదవడం కాదు, ఎదురింటి మెట్లెక్కి రాళ్ళు లెక్కపెట్టగలగడం. అమెరికా, సోవియట్ యూనియన్ మధ్యశ్రేణి క్షిపణులను వదులుకున్న 1987 నాటి ఐఎన్ఎఫ్ ఒప్పందం కింద అలా పరస్పర తనిఖీల మధ్య 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. ఆ తరువాత మెట్లు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. 2002లో అమెరికా 1972 నాటి ఒప్పందం నుంచి బయటికి వచ్చింది. 2019లో ఐఎన్ఎఫ్ పోయింది. అమెరికా, రష్యా మోహరించిన వార్‌హెడ్లను చెరి 1,550కి పరిమితం చేసిన న్యూ స్టార్ట్ ఒప్పందాన్ని 2023లో రష్యా పక్కన పెట్టింది. దాని గడువు 2026 ఫిబ్రవరి 5న ముగిసింది.

మనకూ పాకిస్తాన్‌కూ మధ్య అంత పెద్ద మెట్లు లేవు, చిన్నవి ఉన్నాయి. అణు కేంద్రాల మీద దాడి చేయకూడదని 1988లో ఒప్పందం కుదిరింది. 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తరువాత కూడా, బాలాకోట్ తరువాత కూడా అది ఆగలేదు. 2005 ఒప్పందం ప్రకారం, పైకి ఎగిరి విల్లులా వంగి పడే బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించాలంటే కనీసం మూడు రోజుల ముందు చెప్పాలి. విమానంలా ఎగిరే క్రూయిజ్ క్షిపణులు మాత్రం అందులో లేవు. 2022 మార్చి 9న మన వైపు నుంచి పొరపాటున వెళ్ళి పాకిస్తాన్‌లోని మియాఁ చన్ను దగ్గర పడిన బ్రహ్మోస్ కూడా క్రూయిజ్ క్షిపణే. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు, పాకిస్తాన్ తిరిగి రాయి విసరలేదు.

ఆ ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులను కూడా చేర్చాలి. పొరపాటున క్షిపణి వెళ్ళిపోతే ఎవరు ఎవరికి, ఎన్ని నిమిషాల్లో ఫోను చేయాలో రాసుకోవాలి. దీనికి కొత్త రాడార్ అక్కర్లేదు, కొత్త క్షిపణి అక్కర్లేదు. రెండు విదేశాంగ శాఖలు కూర్చుని మాట్లాడుకుంటే చాలు.