తాతమ్మ దగ్గర రెండు గంటలు: మోసుకెళ్ళినవాటిలో ఏది పనికొచ్చింది?

అందరికీ నమస్కారం. ఈసారి రివ్యూ కారుది కాదు, కెమెరాది కూడా కాదు. నాలుగు రోజుల కారు ప్రయాణంలో, దారి మధ్యలో రెండు గంటలు మా పిల్లల తాతమ్మ దగ్గర ఆగాం. అంటే మా అమ్మమ్మ. 91 నడుస్తోంది. ఆ రెండు గంటల కోసం మూడు వస్తువులు పట్టుకెళ్ళాను. ఏది ఎంత పనికొచ్చిందో చెబుతా.

మొదటిది ట్యాబ్. 200 ఫొటోలు ఎక్కించి, వాటంతటవే మారేలా పెట్టాను. పెద్ద తెర కదా, హాయిగా చూస్తుందనుకున్నా. అట్టర్ ఫ్లాప్! కిటికీ వెలుతురు తెర మీద పడి, ఫొటో బదులు ఆవిడ మొహమే ఆవిడకి కనిపించింది. "ఎవర్రా ఈ ముసలావిడ?" అంది. మేమంతా నవ్వేశాం. ఆవిడ నిజంగానే అడిగింది. పైగా ఒక మొహం పోల్చుకునేలోపే ఇంకో ఫొటో వచ్చేస్తోంది. పదికి రెండు మార్కులు, అవీ జాలిపడి.

రెండోది ఏ4 సైజులో తీయించిన నలుపు తెలుపు ప్రింట్. ఆవిడ పెళ్ళికి ముందుది. తళతళలాడే కాగితం కాకుండా మ్యాట్ తీసుకోండి, వెలుతురు కొట్టదు. పెద్దవాళ్ళకి తమకి సుమారు 10 నుంచి 30 ఏళ్ళ వయసప్పుడు జరిగినవే ఎక్కువగా గుర్తొస్తాయట, దీన్నే రెమినిసెన్స్ బంప్ అంటారు. ఆ మాట ఎక్కడో చదివే ఈ ఫొటో ఎంచుకున్నా. బొటనవేలితో అంచు నిమురుతూ చాలాసేపు చూసింది. వేలు కిందికి జారి కాళ్ళ దగ్గర ఆగింది. "ఈ చెప్పులు నావి కావు. మా అక్కవి. ఫొటో కోసం అడిగి వేసుకున్నా, ఒకటే కరిచాయి." ఈ సంగతి మా అమ్మక్కూడా తెలీదు! పదికి పది.

మూడోది కాలర్ మైక్. ముందే అడిగి, సరేనన్నాకే పెట్టాను. మాట చాలా స్పష్టంగా వచ్చింది. కాకపోతే ఆవిడ మాటిమాటికీ దాన్ని తడుముకోవడంతో మధ్యమధ్యలో గరగర. ఏడు.

ఇక అసలు పనిచేసింది, పైసా ఖర్చు లేనిది, మేం కూర్చున్న చోటు. మొదట నేను కిటికీకి వీపు పెట్టి కూర్చున్నా. నా మొహం చీకట్లో ఉంటే పెదాలు ఏం కనిపిస్తాయి? మా పాపేమో గట్టిగా అరుస్తోంది. వయసుతో వచ్చే చెవుడులో ముందు వినపడకుండా పోయేవి సన్నటి, అంటే కీచుగా ఉండే శబ్దాలే. పిల్లల గొంతు అలాంటిదే కదా. అరిస్తే అది ఇంకా సన్నబడుతుంది. ఫ్యాన్, టీవీ ఆపేసి, వెలుతురు మా మొహాల మీద పడేలా ఎదురుగా కూర్చున్నాం. గొంతు కాస్త తగ్గించి, నిదానంగా మాట్లాడాం. అప్పటిదాకా ఊరికే తలూపుతున్న మనిషి ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టింది!

నా తప్పు కూడా ఒకటుంది. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాం, ఆవిడ నిద్రపోయే వేళ. రెండు గంటల్లో నలభై నిమిషాలు అలా పోయాయి. ముందు ఒక ఫోన్ చేసుంటే సరిపోయేది. ఈసారి పొద్దున్నే వెళ్తాం.

అన్నట్టు, ఆ ప్రింట్ ఈ వీడియోలో చూపిద్దామనే అనుకున్నా. బయల్దేరేటప్పుడు అడిగితే దిండు కింద పెట్టేసుకుని, ఇవ్వనంది.